మచ్లీ కమాన్ నుంచి బుసాన్ దాకా



మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు నడిచి వస్తుంటే ముందు పత్తర్‌గట్టి, అది దాటగానే మచ్లీ కమాన్. అంటే చేపల కమాన్. అక్కడ చేపలు అమ్మరు. చేప శుభశకునమని నమ్మిన కాలం నాటి పేరు అది. దానికి ఇటు పక్కనంతా ముత్యాల దుకాణాలు. సముద్రం చూడాలంటే మేము బందరు దాకా మూడొందల కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. అయినా మా పాతబస్తీ గుమ్మం మీద చేప, మెడలో ముత్యం. సముద్రం లేని ఊరికి ఇంత సముద్రపు సింగారం ఎందుకా అని చిన్నప్పుడు నాకు తోచనేలేదు. మా అమ్మ దుకాణం వాళ్లు ఇచ్చిన ముత్యాలు ఇంటికి తెచ్చి దారానికి గుచ్చేది. ముత్యానికీ ముత్యానికీ మధ్య ఒక ముడి. తెగినా ఒక్కటే జారాలి, దండంతా చెదరకూడదు. నాకు సముద్రమంటే స్టీలు పళ్లెంలో ఆ ముత్యాలు దొర్లిన చప్పుడు. అంతే.

ఆ రాని ప్రశ్న నాకు అరవై దాటాక, బుసాన్‌లో వచ్చింది.

బుసాన్ దక్షిణ కొరియాలో సియోల్ తర్వాత అంతటి పెద్ద ఊరు. ముప్పై లక్షలకు పైగా జనం. దేశానికి ఆగ్నేయ మూలన, కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. మా అమ్మాయి అక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. "మే నెలలో రా అమ్మా, అక్కడ నలభై రెండు డిగ్రీల్లో మాడేకన్నా ఇక్కడ గులాబీలు చూసుకోవచ్చు" అంది. నేను లాల్‌దర్వాజాలో పుట్టి, అక్కడి బడుల్లోనే తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. బోనాలకు ఊరు విడిచి పోకూడదని మొక్కు కూడా ఉంది. మే నెల కనుక అభ్యంతరం లేకపోయింది.

సియోల్ నుంచి రైలు. రెండున్నర గంటల్లో దింపేసింది. బయల్దేరే ముందు మా మరిది మనవళ్లు తెగ ఆటపట్టించారు, "ట్రైన్ టు బుసాన్" అని దయ్యాల సినిమా ఒకటుందట, 2016లో వచ్చింది. మనుషుల్ని కరిచే శవాలు రైలెక్కుతాయి. ఆ కథలో బుసాన్ చేరితే బతికినట్టే. నేను నవ్వి ఊరుకున్నాను గానీ, అక్కడికి వెళ్లాక తెలిసింది, ఆ కథ కట్టినవాళ్లు ఊరికే ఆ ఊరిని ఎంచుకోలేదని.

1950 జూన్ 25న ఉత్తర కొరియా సైన్యం దిగింది. మూడు రోజుల్లో సియోల్ పోయింది. ఆగస్టు వచ్చేసరికి దేశంలో మిగిలింది ఈ మూల ఒక్కటే. జనం నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో దక్షిణానికి, ఇంకా దక్షిణానికి నడిచారు. బుసాన్ దగ్గర ఆగారు. ఎందుకు ఆగారంటే, ఆపైన సముద్రం. పోవడానికి ఇక నేల లేదు. యుద్ధకాలంలో చాలా భాగం ఈ ఊరే రాజధాని అయింది. ఊరి జనం దాదాపు రెట్టింపయ్యారు.

టూరిస్టులకు బుసాన్ అంటే హెయుండె బీచ్. కిలోమీటరున్నర ఇసుక, దాని వెనక అద్దాల మేడలు. గ్వాంగల్లి బీచ్ దగ్గర రాత్రిపూట రంగు దీపాల వంతెన, ఏడు కిలోమీటర్ల పొడవు. బాగుంటాయి, చూడండి. మన విశాఖ ఆర్కే బీచ్‌లో కూర్చుని పిడత కింద పప్పు తిన్నవాళ్లకు అక్కడ ఒక్కటే లోటు తోస్తుంది, అరుస్తూ తిరిగేవాళ్లు లేరు. ఇంతకంటే వాటి గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నన్ను పట్టుకున్నది యొంగ్దో వంతెన.

యొంగ్దో అంటే ఊరికి ఆనుకుని ఉన్న దీవి. 1934లో దానికి వంతెన కట్టారు. పడవలు పోవడానికి ఒక పక్క ముక్క నిలువుగా పైకి లేచేది. యుద్ధంలో ఊళ్లు విడిచి వస్తున్నవాళ్లు దారిలో చెల్లాచెదురవుతామని తెలిసి ఒకరికొకరు చెప్పుకున్న మాట ఒకటే: "తప్పిపోతే యొంగ్దో వంతెన దగ్గర కలుద్దాం." దేశమంతటా పేరు తెలిసిన గుర్తు అదొక్కటే మరి. బుసాన్ ఎన్నడూ చూడని పల్లెటూరివాళ్లు కూడా ఆ పేరు పట్టుకుని వచ్చారు. వంతెన కమ్మీలకు పేర్లు రాసిన కాగితాలు కట్టి, వారాలూ నెలలూ అక్కడే నిలబడ్డారు. నిలబడినవాళ్లకు ఏం కావాలి? బతికున్నారో లేదో చెప్పేవాడు కావాలి. అందుకని వంతెన కింద జోస్యాల వాళ్లు బారులు తీరారు. ఆ సందుకు జోస్యాల సందని పేరే పడిపోయింది. మా చార్మినార్ దగ్గర పంజరంలో చిలకతో కూర్చునే వాళ్లను తలచుకున్నాను. మనం పెళ్లి ఎప్పుడని అడుగుతాం. వాళ్లు అడిగింది వేరు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ తోటలో చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని మా నానమ్మ చెప్పేది, ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ప్రతి ఊరికీ ఇలాంటి చెట్టో వంతెనో ఒకటి ఉంటుంది కాబోలు. యొంగ్దో వంతెన ఎత్తడం 1966లో ఆపేశారు. కొత్తగా బాగు చేసి 2013లో మళ్లీ మొదలుపెట్టారు. శనివారం మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగుతుంది, కార్లు ఆగుతాయి, తారు రోడ్డు మీది తెల్ల గీతలతో సహా వంతెన ముక్క ఆకాశానికి లేస్తుంది. పదిహేను నిమిషాలు. కింద పెద్దగా పడవలేమీ పోవు. ఊరికే లేస్తుంది, ఊరికే దిగుతుంది. మా అమ్మాయి వీడియో తీసింది. చూడండి, వీడియోలో ఏమీ లేదు, ఒక రోడ్డు నిలబడింది.

యుద్ధంలో అలా వచ్చినవాళ్లు ఎక్కడ ఉన్నారు? కొండల మీద. కొండలు ఖాళీగా ఎందుకున్నాయంటే ఎవరికీ అక్కర్లేదు కనుక. గామ్‌చెన్ అనే కొండవాడ ఇప్పుడు చాలా ప్రసిద్ధం. 2009 నుంచి కళాకారులు దిగి ఇళ్లకు రంగులేశారు. నీలం, గులాబీ, పసుపు, అగ్గిపెట్టెలు పేర్చినట్టు. అక్కడ ఒక బొమ్మ పక్కన ఫొటో తీసుకోవడానికి అరగంట క్యూ. నేను నిలబడలేదు. మోకాళ్లు నిలబడనివ్వలేదు అనడం నిజం.

దానికి దగ్గర్లోనే అమిదొంగ్ అనే ఇంకో వాడ ఉంది. అక్కడ క్యూ లేదు. జపాన్ పాలనలో అది జపాన్ వాళ్ల శ్మశానం. 1945లో వాళ్లు వెళ్లిపోయారు, సమాధులు మిగిలాయి. తరవాత ఐదేళ్లకు శరణార్థులు వచ్చి ఆ సమాధుల మీదే గుడిసెలు వేసుకున్నారు. సమాధి రాళ్లను పునాదికి వాడారు, మెట్లకు వాడారు. ఇవాళ్టికీ ఒక ఇంటి గోడ అడుగున జపాన్ అక్షరాలు చెక్కిన రాయి కనిపిస్తుంది, దాని పక్కన వంట గ్యాసు సిలిండరు. ఒకామె ఆ మెట్టు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. మాకు గోరీల పక్కన కాపురం కొత్త కాదు. పాతబస్తీలో ఎన్ని ఇళ్ల పెరటి గోడలు కబరస్తాన్ గోడలే! ఐనా మా వాళ్లెవరూ రాయి పీకి మెట్టు చేసుకోలేదే అని ముందు కొంచెం జంకాను. ఆ తరవాత అమ్మాయి చెప్పింది, ఇక్కడివాళ్లు పండగ పూట తమ పెద్దలకు పెట్టినప్పుడు ఆ పేరు తెలియని జపాన్ వాళ్లకూ ఒక గిన్నె పెట్టేవారని. ఇంటికింద ఉన్నవాళ్లు కదా. వాళ్లను తమ కుటుంబంలో కలుపుకోకుండా ఎలా నిద్రపడుతుంది?

ఇక తిండి. శాకాహారులు ఈ భాగం వచ్చినప్పుడు రేడియో కాస్త తగ్గించుకోవచ్చు. బుసాన్‌లో మిల్‌మ్యొన్ అని చల్లటి నూడుల్స్ తింటారు, వేసవిలో, మంచుముక్కలు తేలే పులుసులో. అసలు ఉత్తరాది వాళ్లది బక్‌వీట్ పిండి నూడుల్స్. ఇక్కడికి పారిపోయి వచ్చాక ఆ పిండి దొరకలేదు. అమెరికా సాయంగా వచ్చిన గోధుమపిండి దొరికింది. దాంతో చేసుకున్నారు. ఇప్పుడు అదే బుసాన్ వంట. లేమితో పుట్టిన వంటకం ఊరి పేరు నిలబెట్టడం మనకు తెలియని సంగతి కాదు.

జగల్చి చేపల బజారుకు పొద్దున్నే వెళ్లాం. కొరియాలోకెల్లా పెద్ద చేపల బజారు. అమ్మేవాళ్లంతా ఆడవాళ్లే, పైగా నా వయసువాళ్లు. మగవాళ్లు యుద్ధంలో పోగా, పిల్లల్ని పెంచడానికి ఈ గట్టున గంప దించుకున్న ఆడవాళ్ల బజారు అది. రబ్బరు బూట్లు, ఎర్ర చేతితొడుగులు, చుట్టలు చుట్టిన పొట్టి జుట్టు. బజారు గుమ్మం మీద బుసాన్ యాసలో రాసి ఉంటుంది: ఒయిసొ, బొయిసొ, సయిసొ. రండి, చూడండి, కొనండి. లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం ముందు నిలబడ్డట్టే అనిపించింది. "ఆవో అమ్మా, దేఖో అమ్మా." కొనమని మావాళ్లు నోటితో అనరు, చెయ్యి పట్టుకుని గాజు ఎక్కించేస్తారు.

అమ్మాయి ఒకావిడను "ఇమో" అని పిలిచింది. ఇమో అంటే అమ్మ చెల్లెలో అక్కో. హోటల్లో వడ్డించే ఆవిడను, చేపలమ్మే ఆవిడను, ముక్కూ మొహం తెలియని వాళ్లను కూడా అట్లాగే పిలుస్తారు. నాకు ఒళ్లు తేలికైపోయింది. మీర్ ఆలం మండీలో నేను కూరలమ్మే ముసలామెను ఖాలా అంటాను. ఖాలా అంటే అదే, అమ్మ తోబుట్టువు. తెలుగు వాళ్లయితే పిన్నీ అంటాం. అత్తా అని కాదు, పిన్నీ అని. తల్లి వైపు చుట్టరికం కలిపితే తూకం కాస్త మొగ్గుతుందని మూడు భాషల వాళ్లకూ తెలిసిపోయింది.

ఆ ఇమో మాకు సన్నక్జి తినమని ఇచ్చింది. చిన్న ఆక్టోపస్‌ను అప్పటికప్పుడు తరిగి నువ్వుల నూనె చల్లుతారు. ముక్కలు పళ్లెంలో ఇంకా మెలికలు తిరుగుతుంటాయి. మా పక్క బల్ల దగ్గర ఇద్దరు విదేశీ కుర్రాళ్లు వీడియో తీసుకుంటూ కేకలు. ఆవిడ నా మొహంలోకి చూసింది, ఈమె కూడా అరుస్తుందేమోనని. నేను అరవలేదు. నేను దూద్‌బౌలికి రెండు వీధుల అవతల పెరిగినదాన్ని. 1845 నుంచి బత్తిని వారి కుటుంబం మృగశిర కార్తె నాడు ఉబ్బసం రోగులకు చేప ప్రసాదం వేస్తోంది. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపురంగు మందు ముద్ద పెట్టి, ఆ పిల్లను మనిషి గొంతులోకి జారవిడుస్తారు. ఇప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేస్తున్నారు గానీ, నా చిన్నప్పుడు దూద్‌బౌలి సందుల్లోనే లక్షల జనం. ఆ మందు పనిచేస్తుందా అని డాక్టర్లు ఏళ్లుగా వాదిస్తున్నారు, నేనూ నమ్మను. కానీ తొమ్మిదేళ్లప్పుడు నాయన నా ముక్కు మూసి చేపపిల్లను మింగించాడు. అది లోపలికి పోతూ తోక కొట్టిన సంగతి ఇంకా నా గొంతుకు గుర్తుంది. ఆక్టోపస్ ముక్క దాని ముందు ఏపాటిది? బాగా నమలమని, లేకపోతే గొంతుకు అంటుకుంటుందని ఆవిడ సైగ చేసింది. నమిలాను. రుచి పెద్దగా లేదు. నువ్వుల నూనె బాగుంది.

అప్పుడు ఆవిడ చూపు నా మెడ మీద పడింది. అమ్మ గుచ్చిన ముత్యాల దండ. చేతితొడుగు తీసి, వేలు తుడుచుకుని, తాకి చూసింది. ఏదో అడిగింది. "ఏ సముద్రానివి అని అడుగుతోంది" అంది అమ్మాయి. నేను ఏం చెప్పను? ఒకప్పుడు హైదరాబాదుకు బస్రా ముత్యాలు వచ్చేవి, పర్షియా సింధుశాఖలో మునిగి తీసినవి. ఇప్పుడు పత్తర్‌గట్టిలో అమ్మే వాటిలో చాలా మటుకు చైనా చెరువుల్లో పెంచినవే. నా దండవీ అంతే. చైనాలో పుట్టి, హైదరాబాదులో ముడిపడి, చైనా పక్క దేశానికి నాతో తిరిగొచ్చాయి. సముద్రం ఎన్నడూ చూడని ముత్యాలను సముద్రమే బతుకైన మనిషికి చూపిస్తున్నాను. అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ పకపకా నవ్వి, మాకు ఇంకో గుప్పెడు ముక్కలు వేసింది.

అసలు సముద్రంలో మునిగే ఆడవాళ్లను యొంగ్దోలోనే చూశాను. హెన్యొ అంటారు. అసలు వీళ్లది జేజు దీవి. బతుకుతెరువుకు కొందరు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. 2016లో జేజు హెన్యొల సంప్రదాయాన్ని యునెస్కో గుర్తించింది. గాలి సిలిండరు ఉండదు. ఊపిరి బిగబట్టి మునిగి, ఆబలోన్ అనే పెద్ద నత్తలనూ గవ్వచిప్పలనూ సముద్రపు పాచినీ తెస్తారు. ముత్యాల కోసం కాదు, కూడు కోసం. ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. పడుచులు రావడం లేదు. పైకి తేలగానే వాళ్లు ఊపిరి వదిలే తీరు ఒక ఈల. దానికి పేరుంది, సుంబిసొరి. ఒడ్డున రాళ్ల మీద కూర్చుని ఆ ఈల కోసం కాచుకున్నాను. తల మునిగింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. అరవై దాటింది. నా ఊపిరి నేనే బిగబట్టానని అప్పుడు తెలిసింది. ఈల వినిపించింది, సన్నగా, నీళ్లు మరుగుతున్న కెటిల్ నుంచి వచ్చినట్టు. అప్పుడే ఆ ప్రశ్న. అమ్మ దారానికి ఎక్కించిన పాత బస్రా ముత్యాల వెనక ఎవరి ఊపిరులు ఉన్నాయో? స్టీలు పళ్లెంలో నేను విన్నది చివరి చప్పుడు మాత్రమే.

మరునాడు హెదొంగ్ యొంగుంగ్సా. సముద్రపు బండల మీద కట్టిన బౌద్ధాలయం. 1376లో నావొంగ్ అనే భిక్షువు స్థాపించాడంటారు, మధ్యలో పాడైతే 1930ల్లో తిరిగి కట్టారు. నూట ఎనిమిది మెట్లు దిగాలి, మనం జపమాల తిప్పే లెక్కే. నావొంగ్‌కు గురువు భారతీయుడు, ధ్యానభద్రుడు. నలందలో చదివి, ఎక్కడెక్కడో తిరిగి, 1320ల్లో కొరియాకూ వచ్చినవాడు. గుడి పేరుకు అర్థం డ్రాగన్ కోట గుడి. ఇక్కడ తెలుగువాళ్లు ఒక్క క్షణం ఆగాలి. బౌద్ధ గ్రంథాలు చైనా భాషలోకి పోయినప్పుడు మన నాగుపాము అక్కడ డ్రాగనయింది. నాగార్జునుడి పేరును వాళ్లు డ్రాగన్ చెట్టు అని రాశారు. కొరియావాళ్లు యొంగ్సు అంటారు. ఆ నాగార్జునుడు సముద్రం అడుగున నాగరాజు కోటకు వెళ్లి ప్రజ్ఞాపారమిత గ్రంథాలు తెచ్చాడని కథ. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండకు పేరిచ్చిన మనిషి వెళ్లివచ్చిన కోట, ఇదిగో, ఈ అలల కిందే ఎక్కడో ఉందన్నమాట. పరీక్షలు పాస్ కావాలని మొక్కుకునే పిల్లలు నా చుట్టూ దీపాలు వెలిగిస్తున్నారు.

చివరగా గిమ్హె. బుసాన్ విమానాశ్రయం పేరూ అదే. బుసాన్ నుంచి చిన్న రైలు పోతుంది. అక్కడ సురో రాజు సమాధి ఉంది. పదమూడో శతాబ్దంలో ఇర్యొన్ అనే భిక్షువు రాసిన సంగుక్ యుసాలో ఒక కథ. క్రీస్తుశకం 48లో అయుతా దేశపు రాజకుమారి, పదహారేళ్ల పిల్ల, ఎర్ర తెరచాప ఓడలో వచ్చి సురోను పెళ్లాడింది. అలలు శాంతించడానికి ఓడలో ఒక రాతి స్తూపాన్ని కూడా తెచ్చింది. ఆమె పేరు హొ హ్వాంగ్ ఒక్. అయుతా అంటే అయోధ్య అని చాలామంది నమ్ముతారు, అక్కడ సరయూ ఒడ్డున ఆమె స్మారకం ఉంది, 2018లో దక్షిణ కొరియా అధ్యక్షుడి భార్య వెళ్లి పూలు పెట్టారు. కాదు, తమిళదేశం అనేవాళ్లున్నారు. అసలు కథే తర్వాత అల్లింది అనే చరిత్రకారులూ ఉన్నారు. నాకు మూడోవాళ్ల మాటే సబబుగా తోస్తుంది. జరిగిన పన్నెండు వందల ఏళ్లకు రాసిన పుస్తకం కదా. అయినా ఒక సంగతి నన్ను కట్టేసింది. రాజు పేర గిమ్హె కిమ్‌లు, రాణి పేర గిమ్హె హొలు, ఈ రెండు వంశాల వాళ్లు తరతరాలుగా ఒకరినొకరు పెళ్లి చేసుకోరు. ఒకే అమ్మానాన్నల బిడ్డలమని. సగోత్రం! నా ఎదురుగా టికెట్లు చింపే అమ్మాయి ఇంటిపేరు కూడా కిమ్మే. పెళ్లికి ఏ వంశం చూసుకోవాలో మీ అమ్మ చెప్పిందా అని అడగబోయి, మా అమ్మాయి కళ్లెర్రజేయడంతో మానుకున్నాను.

ఆ సమాధి ద్వారం మీద, పైన అడ్డపట్టీలో, రెండు చేపలు ఎదురెదురుగా. ఆ జంట చేపలు అయోధ్య గుర్తని అక్కడి గైడు చెబుతాడు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నేను మాత్రం తలెత్తి చాలాసేపు చూశాను. గుమ్మం మీద చేప ఉంటే మంచి జరుగుతుందని అనుకునే మనుషులు మచ్లీ కమాన్ దగ్గరా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. దానికి ఓడ ఒకటి రావలసిన అవసరం ఉందా?

తిరుగు ప్రయాణం ముందు రోజు ఐక్యరాజ్యసమితి శ్మశానానికి వెళ్లాం. ప్రపంచంలో వాళ్లకున్నది అదొక్కటే. ఎన్నో దేశాల వాళ్లు, రెండు వేల మూడొందలకు పైగా సమాధులు. టర్కీ వాళ్లవే నాలుగొందల పైన, నెలవంక గుర్తుతో. మన దేశం యుద్ధానికి పటాలాన్ని పంపలేదు, వైద్యుల్ని పంపింది. 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్, లెఫ్టినెంట్ కర్నల్ రంగరాజ్ నాయకత్వంలో, 1950 నవంబరులో ఇదే బుసాన్ రేవులో దిగింది. అమ్మాయి గులాబీలు చూపిస్తానన్నది ఇక్కడే. మే నెలలో సమాధికి ఒక గులాబీ మొక్క చొప్పున పూసి ఉంటాయి.

ఇంటికి వచ్చిన నాలుగో రోజే మృగశిర. ఆ రోజు మా దగ్గర ఉబ్బసం లేనివాళ్లు కూడా చేప తినాలి కదా. తొలకరి జల్లు పడుతోంది. సంచి పట్టుకుని బజారుకు పోయాను. గంపలో కొర్రమీలు నీళ్లు చిమ్ముతున్నాయి. అమ్మే ఆమె నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. ఖాలా అనబోయాను. నోరు జారి ఇమో అన్నాను.

"క్యా బోలే, టీచరమ్మా?" అంది, కత్తిపీట మీద నుంచి తలెత్తి.

"ఖాలా అన్నాను. కొరియాలో అట్లా అంటారు."

"చేప గూడ అట్లనే తింటరా?"

"పచ్చిదే తింటరు" అన్నాను.

ఆమె కాసేపు నన్ను చూసింది. తూకంలో ఇంకో చిన్న చేప వేసి, "మనం కూర చేస్కుందాం తీయ్" అంది.